సాల్మన్ చేపలుండే నదిలో నీటి పీహెచ్ సరిగ్గా కొలవడం ఎలా?

పీహెచ్ అంటే నీరు ఎంత ఆమ్లంగా ఉందో చెప్పే అంకె; అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ. కావలసినవి: పీహెచ్ మీటర్, పీహెచ్ 4, 7 బఫర్ ద్రావణాలు (మీటర్‌ను సరిచూసుకోవడానికి, పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలు), డిస్టిల్డ్ వాటర్, బిగుతు మూత ఉన్న రెండు సీసాలు, నోట్‌బుక్, పెన్సిల్. తడి కాగితం మీద పెన్ను రాత చెదిరిపోతుంది, పెన్సిలే వాడాలి. లిట్మస్ కాగితాలు అసలు వద్దు. పీహెచ్‌లో అర పాయింటు తగ్గినా సాల్మన్ పిల్లల బతుకు తారుమారవుతుంది. రంగు చూసి ఆ తేడా పట్టలేం.

బయల్దేరే రోజే మీటర్‌ను రెండు బఫర్లలోనూ సరిచూసుకోండి. నదిలో నీళ్లు పారేచోట ఒక్కో సీసాను మూడుసార్లు ఆ నీటితోనే కడిగి, ముంచి నింపి, నీళ్లలోపలే మూత బిగించండి. లోపల గాలి బుడగ మిగలకూడదు. వెంటనే గట్టు మీదే కొలవండి.

అందరూ తప్పు చేసేది అంకె చదవడంలోనే. ఆమ్ల వర్షాలకు ఎక్కువగా దెబ్బతినేవి గ్రానైట్ రాళ్ల మీద పారే నదులు. వాటి నీటిలో లవణాలు చాలా తక్కువ కాబట్టి ఎలక్ట్రోడ్ (మీటర్‌లో నీటిలో ముంచే కొన) కుదురుకోవడానికి టైమ్ పడుతుంది. బఫర్‌లో అర నిమిషంలో నిలిచే అంకె ఇక్కడ 5.9, 5.8, 5.7 అంటూ మెల్లగా దిగుతూనే ఉంటుంది. మీటర్ 'రెడీ' అని చూపించినా నమ్మకండి. ముందు ఎలక్ట్రోడ్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో, తర్వాత నది నీటితో కడగండి. నీటిలో ఉంచి ఒకసారి నెమ్మదిగా తిప్పి వదిలేయండి. చదివేటప్పుడు నీరు కదలకూడదు, కదిలితే అంకె మారుతుంది. పది నిమిషాలు ఆగాల్సిందే. తర్వాత రెండో సీసా కొలవండి. రెండింటికీ 0.1 కంటే ఎక్కువ తేడా వస్తే ఆ రెండూ కొట్టేసి మళ్లీ మొదలుపెట్టండి.

ఇంత పట్టింపు ఎందుకంటే, నీరు ఆమ్లంగా మారేకొద్దీ మట్టిలోని అల్యూమినియం కరిగి నదిలోకి వస్తుంది. అది చేపల మొప్పలకు అంటుకుని ఊపిరాడనివ్వదు, ఒంట్లో ఉప్పు నిలవనివ్వదు. సముద్రానికి బయల్దేరే పిల్ల సాల్మన్‌కు ఈ దెబ్బ మరీ ఎక్కువ. నార్వేలోని మాండాల్ నదిలో సాల్మన్ ఇలాగే అంతరించింది. 1997 నుంచి నీటిలో ఆమ్లాన్ని తగ్గించే సున్నపురాయి పొడి కలపడం మొదలుపెట్టాకే మళ్లీ వచ్చింది. ఎంత పొడి కలపాలో తేల్చేది ఈ అంకెలే.

వేసవిలో ఒక్కసారి కొలిచి నది బాగుందని రాసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. మంచు కరిగే రోజుల్లో, పెద్ద వాన పడ్డాక పీహెచ్ ఒక్కసారిగా పడిపోతుంది. సరిగ్గా పిల్ల సాల్మన్ కదిలేదీ వసంతంలోనే. ఆ వారాల్లో రోజూ, ఒకే చోట కొలవండి.