బ్లాక్‌జాక్ బోనస్‌కు డబ్బు కట్టే ముందు వేయవలసిన లెక్క

ఆన్‌లైన్ కాసినోలు కొత్త ఖాతాదారులకు ఇచ్చే డిపాజిట్ బోనస్‌ను (డబ్బు కట్టినందుకు ఖాతాలో అదనంగా వేసే మొత్తాన్ని) బ్లాక్‌జాక్ అనే పేకాట ఆడి లాభంగా మార్చుకోవచ్చా అని లెక్క వేస్తే కొన్నిసార్లు అవునని, ఎక్కువసార్లు కాదని తేలుతుంది. అవునని తేలిన చోట కూడా మిగిలేది చిన్న మొత్తమే. ఆ లెక్కను డబ్బు కట్టకముందే ఎవరికి వారు వేసుకోగలగాలి. ఇందుకు అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రాన్ని ఉదాహరణగా తీసుకుంటున్నాను. అక్కడ 2013 నవంబరు నుంచి ఆన్‌లైన్ కాసినోలు రాష్ట్ర నియంత్రణలో చట్టబద్ధంగా నడుస్తున్నాయి. 21 ఏళ్లు నిండినవారు ఆడవచ్చు. తెలుగు కుటుంబాలూ అక్కడ పెద్ద సంఖ్యలో ఉన్నాయి. భారతదేశంలో ఉన్నవారు మాత్రం ఈ ఆలోచనే పెట్టుకోకూడదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాయి. 2025 ఆగస్టు నాటి కేంద్ర చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నడపడాన్ని, ప్రచారం చేయడాన్ని, వాటికి బ్యాంకుల ద్వారా చెల్లింపులు జరపడాన్ని దేశమంతటా నిషేధిస్తోంది.

మొదట చూడవలసింది బోనస్ మొత్తాన్ని కాదు, దాన్ని చేతికి తీసుకోవడానికి ఎంత విలువైన పందేలు కాయాలన్న షరతును. 200 డాలర్ల బోనస్‌కు 15 రెట్ల షరతు ఉందనుకుందాం. స్లాట్ యంత్రాల మీద ఆడితే 3,000 డాలర్ల పందేలు చాలు. కానీ బ్లాక్‌జాక్ పందేలను పూర్తిగా లెక్కలోకి తీసుకునే కాసినోలు అరుదు. ప్రతి పందెంలో 20 శాతమే లెక్కిస్తామని షరతుల్లో ఉంటే 15,000 డాలర్ల పందేలు కాయాలి. 10 శాతమైతే 30,000. కొన్ని చోట్ల బ్లాక్‌జాక్‌ను అసలే లెక్కించరు, అలాంటి బోనస్‌ను అక్కడే వదిలేయాలి.

తర్వాత ఆట నిబంధనలు. అమెరికా సైన్యంలో పనిచేసిన నలుగురు 1956లో లెక్కకట్టి ప్రచురించిన బేసిక్ స్ట్రాటజీయే (చేతిలోని ముక్కలు, డీలర్ ముక్కను బట్టి ఏం చేయాలో చెప్పే పద్ధతి) నేటి పట్టికలకు మూలం. ఆ పట్టికను తప్పకుండా పాటిస్తే, మంచి నిబంధనలున్న ఆటలో కాసినోకు దక్కే వాటా పందెంలో సుమారు 0.5 శాతం. ఆ లెక్కన 15,000 డాలర్ల పందేలపై సగటు నష్టం 75 డాలర్లు, బోనస్‌లో మిగిలేది 125. 10 శాతమే లెక్కించే చోట నష్టం 150కి పెరిగి 50 మిగులుతుంది. అదే, బ్లాక్‌జాక్ (మొదటి రెండు ముక్కల్లోనే ఏస్, పది విలువ గల ముక్క) పడినప్పుడు 10 డాలర్ల పందేనికి 15 డాలర్లు కాకుండా 12 మాత్రమే ఇచ్చే ఆటలో కూర్చుంటే కాసినో వాటా దాదాపు 1.9 శాతానికి చేరుతుంది. 15,000 డాలర్లపై నష్టం 285, అంటే బోనస్ పోగా చేతి డబ్బు కూడా పోతుంది. ఇన్సూరెన్స్ పందెం (డీలర్‌కు బ్లాక్‌జాక్ పడుతుందని కాసేది), సైడ్ బెట్లు (అసలు పందేనికి పక్కన కాసే అదనపు పందేలు) ఎప్పుడూ కాయకూడదు. సాఫ్ట్‌వేర్ ఆటల్లో ప్రతి చేతికీ (ఒక్కో ఆటకూ) ముక్కలను కొత్తగా కలుపుతారు కాబట్టి, వెళ్లిపోయిన ముక్కలు లెక్కపెట్టి మిగిలినవాటిని అంచనా వేసే విద్య ఇక్కడ పనికిరాదు.

ఆ 125 డాలర్లు సగటు మాత్రమేనన్నది చాలామంది మరిచిపోయే విషయం, నిజానికి అన్నింటికంటే ముఖ్యమైనది కూడా. 10 డాలర్ల చొప్పున 1,500 చేతులు ఆడితే ఫలితం సగటుకు అటో ఇటో 445 డాలర్ల దాకా తేలడం మామూలే. మీరు కట్టిన 200, బోనస్ 200 కలిపి 400తో మొదలుపెట్టినవారి ఖాతా షరతు పూర్తికాకముందే ఖాళీ కావడం ఏమాత్రం వింత కాదు. పందేన్ని 5 డాలర్లకు తగ్గిస్తే ఈ ఒడుదొడుకు 315కు దిగుతుంది, కానీ చేతులు 3,000 అవుతాయి. గంటకు 200 చేతులు ఆడగలిగినా 15 గంటల పని. గంటకు దక్కేది ఎనిమిది డాలర్ల పైచిలుకు. 2025లో న్యూజెర్సీ కనీస వేతనం గంటకు 15.49 డాలర్లు. పోతే ఇంటి ఖర్చుకు ఇబ్బంది కలిగించే డబ్బుతో ఈ పనికి దిగవద్దని గట్టిగా చెబుతున్నాను. పోయిన డబ్బు రాబట్టుకోవాలని పందెం పెంచాలనిపించిన క్షణమే ఆట ఆపేయాలి. ఆపలేకపోతే జూదం వ్యసనానికి సహాయం అందించే 1-800-GAMBLER (1-800-426-2537) నంబరుకు ఫోన్ చేయాలి.

షరతుల్లో ఇంకా గరిష్ఠ పందెం, గడువు, ఇంటికి ఒకే ఖాతా అన్న నియమాలు ఉంటాయి. వాటిలో ఒక్కటి తప్పినా బోనస్‌తో పాటు గెలిచిన సొమ్మును కూడా రద్దు చేయవచ్చు. బోనస్‌ను నగదుగా తీసుకోవచ్చా, లేక డబ్బు తీసుకునేటప్పుడు దాన్ని కోసేస్తారా అన్నది కూడా ముందే చదవాలి.

చివరగా పన్ను. అమెరికాలో జూదంలో గెలిచినదంతా ఆదాయమే. నష్టాలను ఐటమైజ్డ్ డిడక్షన్ల (ఖర్చులను ఒక్కొక్కటిగా చూపి తీసుకునే మినహాయింపుల) కింద మాత్రమే చూపగలరు. 2026 నుంచి ఆ నష్టాల్లోనూ 90 శాతమే మినహాయిస్తారు. ఏడాదిలో 5,000 గెలిచి 4,900 పోగొట్టుకున్నవారికి నిజంగా మిగిలింది 100 డాలర్లు, పన్ను మాత్రం 4,900లో 90 శాతమైన 4,410 తీసేయగా మిగిలే 590పై పడుతుంది. స్టాండర్డ్ డిడక్షన్ (ఖర్చులు చూపకుండా తీసుకునే స్థిర మినహాయింపు) తీసుకునేవారికైతే మొత్తం 5,000 మీదా పడుతుంది. వేతన జీవుల్లో ఎక్కువమంది తీసుకునేది స్టాండర్డ్ డిడక్షనే కాబట్టి, 125 డాలర్ల ఆశతో మొదలుపెట్టిన ఆట వారికి పన్ను కట్టాక నష్టంగానే తేలవచ్చు.