పిల్లల ఉబ్బసం అదుపులోకి రావడం లేదా? మందు మార్పించే ముందు చూడవలసినవి

గుంటూరులో పిల్లల ఆయాసానికి ఇన్‌హేలర్ రాయించుకున్న తల్లిదండ్రులకు దానిని వాడే పద్ధతి నేర్పడం పదిహేనేళ్లుగా నా పని. నేను నర్సును. మందు రాసేది వైద్యులు. ఆ మందు పిల్లవాడి ఊపిరితిత్తుల దాకా చేరుతున్నదో లేదో చూసేది నేను. ఉబ్బసమని ఇప్పటికే నిర్ధారణ అయి, ఇంట్లో ఇన్‌హేలరు, స్పేసరు ఉన్నవారి కోసం ఇది రాస్తున్నాను కాబట్టి అవేమిటో మళ్లీ మొదటి నుంచి చెప్పను.

ఒక్క మాట మాత్రం అన్నిటికన్నా ముందు. పిల్లవాడు డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తున్నా, ఒక వాక్యం గుక్కతిప్పుకోకుండా పలకలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా, మగతగా పడి ఉన్నా, ఇది చదవడం ఆపి, వైద్యులు రాసిచ్చిన మేరకు ఉపశమన మందు పఫ్‌లు ఒక్కొక్కటిగా ఇస్తూ 108కి ఫోన్ చేయండి.

లక్షణం: పగలు ఆడుకుంటాడు, తెల్లవారుజామున దగ్గు, పిల్లికూతలు

కారణం చాలా ఇళ్లలో ఒక్కటే: రోజూ వాడవలసిన మందును రోజూ వాడకపోవడం. ఇంట్లో సాధారణంగా రెండు ఇన్‌హేలర్లు ఉంటాయి. సాల్‌బ్యుటమాల్ లేదా లెవోసాల్‌బ్యుటమాల్ ఉన్నది ఉపశమన మందు; అది బిగుసుకున్న గాలిగొట్టాలను నిమిషాలలో వదులు చేస్తుంది, నాలుగు నుంచి ఆరు గంటల పాటు పనిచేస్తుంది. బ్యుడెసొనైడ్, ఫ్లూటికసోన్ లేదా బెక్లోమెథసోన్ ఉన్నది రోజూ వాడవలసిన మందు; అది గొట్టాల లోపలి వాపును తగ్గిస్తుంది. దాని గుణం కనిపించడానికి రోజులు, వారాలు పడుతుంది. మొదటిది కంటికి కనిపించేలా పనిచేస్తుంది కాబట్టి దాని మీద నమ్మకం కుదురుతుంది. రెండవది వేసిన రోజున ఏమీ జరిగినట్టు ఉండదు కాబట్టి, దగ్గు తగ్గగానే అది బీరువా ఎక్కుతుంది. ‘అలవాటైపోతుందట’ అని పక్కింటివారు అన్న మాట దానికి తోడవుతుంది. ఆ మందుకు అలవాటు పడటం అనేది లేదు. ఎత్తు గురించి అడిగేవారికి ఉన్నమాటే చెబుతాను: మొదటి ఏడాది ఎదుగుదల సుమారు అర సెంటీమీటరు తగ్గవచ్చు. అదుపులో లేని ఉబ్బసం పిల్లవాడి నిద్రను, ఆటను, బడిని చెడగొట్టే తీరు ముందు అది చిన్న విషయం.

పరిష్కారం: ఆ రోజువారీ ఇన్‌హేలరును పళ్లు తోముకునే బ్రష్షు పక్కన పెట్టండి. మందు పీల్చాక నోరు పుక్కిలించక తప్పదు కాబట్టి, ముందు మందు, తరువాత బ్రష్షు అన్న వరస దానంతట అదే కుదురుతుంది. రంగును బట్టి మాత్రం ఏది ఏ మందో నిర్ణయించకండి. మన మందుల దుకాణాలలో కంపెనీని బట్టి రంగులు మారుతుంటాయి. పేరు చదవండి.

లక్షణం: రోజూ వాడుతున్నాం, మొదటి నుంచీ గుణం లేదు

చేయించి చూపించమని అడిగితే సగం సమస్య అక్కడికక్కడే తేలిపోతుంది. డబ్బా ఊపరు. రెండు పఫ్‌లు ఒకేసారి స్పేసరులోకి కొడతారు. మాస్కుకు, చెంపకు మధ్య వేలు దూరేంత సందు ఉంటుంది. పిల్లవాడు గుక్కపెట్టి ఏడుస్తుంటే ‘గట్టిగా ఏడిస్తే బాగా లోపలికి పోతుంది’ అంటారు. నిజానికి ఏడుపులో మందు ముఖానికి, గొంతుకే అంటుకుంటుంది. ఊపాలి, మాస్కు ఆనించాలి, ఒక్క పఫ్ కొట్టాలి, అయిదారు మామూలు ఊపిరులు తీయనివ్వాలి, అర నిమిషం ఆగి మళ్లీ ఊపి రెండవ పఫ్ ఇవ్వాలి, చివర నోరు, ముఖం కడగాలి. స్పేసరును సబ్బునీళ్లలో ముంచి తీసి గాలికి ఆరనివ్వండి. గుడ్డతో తుడిస్తే ప్లాస్టిక్‌కు విద్యుదావేశం పుట్టి మందును గోడలకు లాక్కుంటుంది. ఇంతకుమించి ఇక్కడ చెప్పవలసినది లేదు.

లక్షణం: రెండు నెలలు హాయిగా గడిచి, ఉన్నట్టుండి మళ్లీ మొదటికి వచ్చింది

ఇక్కడ నేను స్వయంగా బోల్తా పడ్డాను కాబట్టి వివరంగా రాస్తున్నాను. కొన్నేళ్ల కిందట తాడేపల్లి వైపు నుంచి ఒక బాబును తీసుకువచ్చారు. రెండు నెలలు దగ్గన్నది లేకుండా ఉన్న పిల్లవాడికి రాత్రుళ్లు ఆయాసం తిరిగి మొదలైంది. నేను పద్ధతి చూశాను. ఊపడం, మాస్కు ఆనించడం, ఊపిరులు లెక్కపెట్టడం, పుక్కిలింపించడం, అన్నీ నేను నేర్పినట్టే, నిజం చెప్పాలంటే నాకన్నా శ్రద్ధగా, వాళ్ల నాయనమ్మ చేయించింది. నొక్కగానే తుస్సుమని పొగలాగా వచ్చింది. పద్ధతిలో లోపం లేదని నేను కాగితం మీద రాసి పంపాను. ఆ మాట మీద వైద్యులు అదే మందును రెండింతలు చేసి, పైన ఒక మాత్ర చేర్చారు. రెండు వారాలు తిరగకముందే ఒక అర్ధరాత్రి ఆ బాబుకు నెబులైజర్ పెట్టవలసి వచ్చింది.

ఆ మరునాడు గానీ నాకు ఆ ప్రశ్న తట్టలేదు. “ఈ డబ్బా ఎప్పుడు కొన్నారమ్మా?” అని అడిగాను. “శ్రీరామనవమికి ముందు కొన్నాం తల్లీ, ఇంకా వస్తూనే ఉంది, పారేయడం ఎందుకని వాడుతున్నాం” అన్నది ఆవిడ. అప్పటికి ఆషాఢం నడుస్తున్నది. ఆ డబ్బాలో ఉండేది 120 పఫ్‌లు. ఉదయం రెండు, రాత్రి రెండు అంటే రోజుకు నాలుగు. 30 రోజులలో మందు అయిపోయింది. అంతవరకు వాడిన మందు ప్రభావం మరికొన్ని వారాలు కాపాడింది. ఆ తరువాత ఆ పిల్లవాడు పీల్చినది దాదాపు వట్టి వాయువే.

ఇది ఎలా జరుగుతుందో తెలిస్తే మళ్లీ మోసపోరు. డబ్బాలో మందుతో పాటు దానిని బయటకు నెట్టే ద్రవం ఒకటి ఉంటుంది. ఒత్తిడి తగ్గగానే అది ఆవిరై మందును తుంపరగా తెస్తుంది. లేబుల్ మీద రాసినన్ని పఫ్‌లు కచ్చితంగా సరిగా రావడానికి కంపెనీవారు ఆ ద్రవాన్ని కొంత ఎక్కువే నింపుతారు. అందువల్ల లెక్క ప్రకారం పఫ్‌లు అయిపోయిన తరువాత కూడా డబ్బా నొక్కితే శబ్దం వస్తుంది, పొగ వస్తుంది, నాలుకకు చల్లదనం తగులుతుంది. మందు మాత్రం ఒకసారి కొద్దిగా, ఒకసారి అసలు లేకుండా వస్తుంది. మాత్రల అట్ట ఖాళీ అయితే కనిపిస్తుంది, టానిక్ సీసా అడుగు కనిపిస్తుంది. ఈ డబ్బా మాత్రం అయిపోయినట్టు తనంతట తాను చెప్పదు.

తేల్చుకోవడానికి ఇళ్లలో చేసే పరీక్షలేవీ పనికిరావు. చెవి దగ్గర ఊపి వినడం పనికిరాదు, ఎందుకంటే లోపల గలగలమనేది మందు కాక నెట్టే ద్రవమైనా కావచ్చు. గాలిలోకి కొట్టి చూడడం పైన చెప్పిన కారణం చేతనే పనికిరాదు. పైగా మంచి డబ్బాలోంచి ఒక పఫ్ తగ్గిపోతుంది. నీళ్ల గిన్నెలో వేసి తేలుతుందా మునుగుతుందా అని చూసే పాత పద్ధతిని నమ్మడానికి లేదు. నీరు చేరి కవాటం మూసుకుపోయే ప్రమాదం కూడా ఉన్నది.

పనికొచ్చేది ఒక్కటే, ఎక్కాల లెక్క. డబ్బా మీద 120 అని ఉన్నదో 200 అని ఉన్నదో చూడండి. రోజుకు వాడే పఫ్‌లతో భాగించండి. నాలుగు చొప్పున 120 అయితే 30 రోజులు, 200 అయితే 50 రోజులు. కొత్త డబ్బా తెరిచిన నాడే ఆ చివరి తేదీని గోడ కేలండరు మీద, డబ్బాకు అంటించిన తెల్ల ప్లాస్టరు మీద రాయండి. ప్లాస్టిక్ తొడుగు మీద రాయవద్దు. లోపలి డబ్బా మార్చినా తొడుగు పాతదే ఉండిపోయి, తేదీ మిమ్మల్ని తప్పుదోవ పట్టిస్తుంది. కొన్ని రకాలకు అంకెలు చూపే కౌంటరు ఉంటుంది. పది రూపాయలు ఎక్కువైనా అదే అడగండి, అంకె సున్నా అయిన రోజున మొహమాటం లేకుండా పారేయండి.

ఉపశమన ఇన్‌హేలరుకు ఈ భాగహారం పనికిరాదు, ఎందుకంటే దానిని అవసరం పడినప్పుడే వాడతాం. దానికి గీతలే దారి: పాలవాడి ఖాతాలాగా, వాడిన ప్రతి పఫ్‌కు ఒక గీత. ఈ ఖాతా మరొక మంచి పని కూడా చేస్తుంది. 200 పఫ్‌ల ఉపశమన డబ్బాలు ఏడాదికి మూడు లేదా అంతకు మించి ఖర్చవుతుంటే ఆ పిల్లవాడికి తీవ్రమైన ఆయాసం వచ్చే ముప్పు ఎక్కువని అర్థం. కొత్త డబ్బా కొనడంతో సరిపెట్టక వైద్యులను కలవాలి.

లక్షణం: ఊళ్లో ఉంటే బాగుంటాడు, మన ఇంట్లోనే ఎక్కువ

మందు సంగతి తేలిన తరువాతే ఇల్లు వెతకాలి. కృష్ణ ఒడ్డున ఉండే ఉక్కకు, తేమకు పరుపులలో దుమ్ముపురుగులు బాగా పెరుగుతాయి. దుప్పట్లు, దిండు గలీబులు వారానికొకసారి 60 డిగ్రీల వేడినీటిలో ఉతకండి, పాత బూరుగు దూది దిండ్లు మార్చండి, పిల్లవాడు ఇంట్లో ఉన్నప్పుడు బూజు దులపకండి. దోమల కాయిల్ మానేశామని చెప్పే ఇళ్లలోనే సాయంత్రం సాంబ్రాణి పొగ నిండుతుంది. గాలిగొట్టానికి పుణ్యపు పొగ, పాపపు పొగ అన్న తేడా లేదు, దోమతెర కట్టండి. బీడీ, సిగరెట్ సంగతి వేరే చెప్పాలా? బాల్కనీలో కాల్చి వచ్చినా చొక్కాకు అంటిన పొగ లోపలికే వస్తుంది.

గుంటూరుకు సొంతమైనది మిర్చి. ఫిబ్రవరి నుంచి మే దాకా యార్డులోనో, కోల్డ్ స్టోరేజీలోనో, తొడిమలు తీసే చోటో పనిచేసి వచ్చే తల్లి లేదా తండ్రి బట్టలలో, జుట్టులో ఆ ఘాటు ఇంటికి వస్తుంది. ఇది చాలామట్టుకు అలర్జీ కాదు, మంటపుట్టించే పదార్థం వల్ల వచ్చే దగ్గు; కానీ ఇప్పటికే వాచి ఉన్న గాలిగొట్టానికి అదే చాలు. ఇంటికి రాగానే స్నానం చేసి, బట్టలు విడిగా నానబెట్టిన తరువాతే బిడ్డను ఎత్తుకోండి. భోగి మంట నాడు, దీపావళి రాత్రి, గడ్డి తగలబెట్టే రోజులలో కిటికీలు మూసి, రోజువారీ మందు తప్పకుండా చూడండి.

లక్షణం: ఛాతీ బాగానే ఉంది, ముక్కు ఎప్పుడూ దిబ్బడే

అరచేత్తో ముక్కును పైకి రుద్దుకోవడం, నోరు తెరిచి నిద్రపోవడం, పొద్దున్నే వరస తుమ్ములు ఉంటే ముక్కుకు కూడా అలర్జీ ఉన్నట్టే. ముక్కు, ఊపిరితిత్తులు ఒకే దారికి రెండు కొసలు. ముక్కు స్ప్రే రాయించుకోండి. దానిని మధ్యగోడ వైపు కాక, బయటికి, చెవి వైపు తిప్పి కొట్టండి.

అరటిపండు, పెరుగు, చేప మందు

ఏది తిన్న నిమిషాలలో, మహా అయితే రెండు గంటలలో, దద్దుర్లో పెదవుల వాపో వాంతులో వస్తుందో దానిని అనుమానించి వైద్యులకు చెప్పండి. అలాంటిదేమీ లేకుండా అరటిపండు, పెరుగు, గుడ్డు అన్నీ మాన్పించి బిడ్డను చిక్కిపోనివ్వకండి. మృగశిర కార్తెకు హైదరాబాదు వెళ్లి చేప మందు వేయించడం మీ నమ్మకం, నేను వాదించను. ఆ పేరుతో ఇన్‌హేలర్ ఆపితే మాత్రం ఊరుకోను. ప్రాణాయామం ఆయాసం లేని వేళలలో చేయించవచ్చు. మరిగే నీళ్ల ఆవిరి మాత్రం పట్టించకండి. దానివల్ల ఉబ్బసం తగ్గిన పిల్లలను చూడలేదు, కాలిన పిల్లలను చూశాను.

అరుదైనవి

ఆమ్లం గొంతులోకి ఎగదన్నడం, క్షయ, గుండె లోపం వంటివి వైద్యులు చూసుకుంటారు. వాటి గురించి రాత్రంతా ఫోనులో వెతకకండి. అయితే మూడేళ్లలోపు బిడ్డ అప్పటిదాకా బాగుండి, తింటూ ఆడుతూ హఠాత్తుగా పొలమారి, ఆ తరువాత పిల్లికూతలు వస్తుంటే అది ఉబ్బసం కాదు, గాలిగొట్టంలో ఇరుక్కున్న వేరుశనగ గింజ కావచ్చు. అప్పుడు ఇన్‌హేలరు వెతకకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.