నాలుగు డిగ్రీల సరస్సులో స్నేహితులతో స్కూబా డైవింగ్ ఎలా చేయాలి?

అండమాన్‌లో 28 డిగ్రీల నీళ్లలో నాలుగైదు డైవ్‌లు చేసి, సర్టిఫికెట్ కార్డు జేబులో పెట్టుకుని కెనడా వచ్చినవాళ్లు ప్రతి ఏడాదీ ఒకరిద్దరు తగులుతారు. "అన్నా, మే లాంగ్ వీకెండ్‌కి టోబర్‌మోరీ వెళ్దామా?" అంటారు. వెళ్దాం, తప్పేముంది. టొరంటో నుంచి దాదాపు 300 కిలోమీటర్లు. హ్యూరాన్ సరస్సు, జార్జియన్ బే కలిసే చోట ఉంటుంది ఆ ఊరు. అక్కడి బిగ్ టబ్ హార్బర్‌లో 1885లో మునిగిన స్వీప్‌స్టేక్స్ అనే కొయ్య ఓడ ఇప్పటికీ ఆరు మీటర్ల లోతులోనే ఉంది. సముద్రంలో అయితే కొయ్యను పురుగులు ఎప్పుడో తినేసేవి. మంచినీళ్లలో ఆ పురుగులు బతకవు, పైగా నీళ్లు చల్లన. కాకపోతే ఓడను అంత పదిలంగా ఉంచిన ఆ చల్లటి మంచినీళ్లే మన రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం) ప్రాణం తీస్తాయి. ఈ వ్యాసమంతా దాని గురించే.

ముందు పనులు చకచకా చెప్పేస్తాను. ఇది ఫాథమ్ ఫైవ్ నేషనల్ మెరైన్ పార్క్ పరిధి కాబట్టి డైవర్లు పార్క్స్ కెనడా దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి. డ్రైసూట్ (ఒంటికి నీళ్లు తగలనివ్వని సూట్) కోర్సు చేయనివాళ్లు ముందు అది చేసి రండి. డ్రైసూట్, లోపల ఫ్లీస్, కాళ్లకు ఉన్ని సాక్సులు, తలకు మందమైన హుడ్, చేతులకు గ్లవ్స్. కాటన్ బనియన్ వద్దు, చెమట పట్టిందంటే ఒంటికి అతుక్కుని చలి పుట్టిస్తుంది. ఏడు మిల్లీమీటర్ల వెట్‌సూట్‌తో సరిపోతుందనే వాళ్లున్నారు. మొదటి డైవ్‌కి సరిపోతుంది. రెండో డైవ్‌కి ఆ తడి సూట్‌ని మళ్లీ తొడుక్కుంటున్నప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి! నాతో వచ్చేవాళ్లకు మాత్రం డ్రైసూట్ తప్పనిసరి.

మునగడానికి కట్టుకునే బరువులు సముద్రం లెక్కతో పెట్టుకోకండి. ఉప్పునీళ్ల కంటే మంచినీళ్లు తేలిక, అందుకని మనిషి, సామాను కలిపి 100 కిలోలుంటే రెండున్నర కిలోల దాకా తగ్గించాలి. డ్రైసూట్‌లో ఉండే గాలికి మళ్లీ కొంత కలపాలి. కాగితం మీద లెక్కలు వేసుకునే బదులు ఒడ్డు దగ్గరే నీళ్లలో తేలి చూసుకుంటే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. దీన్ని ఫ్రీ ఫ్లో అంటారు.

సిలిండర్‌లో గాలి 200 బార్ల ఒత్తిడితో ఉంటుంది. సిలిండర్ వాల్వుకి బిగించే రెగ్యులేటర్ భాగం, అంటే ఫస్ట్ స్టేజ్, దాన్ని ఒక్కసారిగా పది బార్ల దగ్గరికి దించుతుంది. అలా వ్యాకోచించే గాలి బాగా చల్లబడుతుంది. కారు టైరులో గాలి వదిలేటప్పుడు వాల్వు దగ్గర వేలు పెట్టి చూడండి, చల్లగా తగులుతుంది. అదే పని ఇక్కడ పదింతలు. సముద్రపు నీళ్లు గడ్డకట్టాలంటే సున్నా కంటే ఇంకో రెండు డిగ్రీలు కిందికి దిగాలి. మంచినీళ్లకు సున్నా చాలు, మనం దిగిన నీళ్లు ఉన్నదే నాలుగు డిగ్రీల దగ్గర. ఫస్ట్ స్టేజ్ మీద మంచు పేరుకుంటే వాల్వు మూసుకోదు. గాలి బుసబుసమంటూ ఆగకుండా వచ్చేస్తుంది. గాలి ఎంత వేగంగా పోతే అంత చల్లన, అంత మంచు. నిండు సిలిండర్ కూడా కొద్ది నిమిషాల్లో ఖాళీ అవుతుంది.

ఆగస్టులో వెళ్తే ఈ బాధ ఉండదనుకోకండి. నీళ్లు నాలుగు డిగ్రీల దగ్గరే అన్నిటికన్నా బరువుగా ఉంటాయి, అందుకే అవి అడుక్కి చేరతాయి. పైన హాయిగా ఈత కొట్టేలా ఉన్నా లోతులో ఇదే చలి.

నేను చూసిన ఫ్రీ ఫ్లోల్లో ఎక్కువ భాగం నీళ్లలోకి దిగకముందే మొదలయ్యాయి. ఒకసారి మా గుంపులో ఒక తమ్ముడు పడవ మీద నిలబడి, ఎముకలు కొరికే గాలిలో, "బాగానే ఉందా అని చూస్తున్నా అన్నా" అంటూ పర్జ్ బటన్ (నొక్కితే రెగ్యులేటర్‌లోంచి గాలి బుస్సున వచ్చేది) నాలుగుసార్లు నొక్కాడు. మూడు మీటర్లు దిగాడో లేదో, బుస్సుమంది. ఆ రోజు డైవ్ అక్కడికి సరి.

కాబట్టి రెగ్యులేటర్‌ని గదిలోనో వెచ్చటి కారులోనో ఊదిపీల్చి పరీక్షించుకోండి. చలిగాలిలో నోట్లో పెట్టుకుని ఊపిరి వదిలారంటే అందులోని తేమ లోపలే గడ్డకడుతుంది. నీళ్లలోకి దిగి, తల ముంచాకే మొదటి శ్వాస. పర్జ్ బటన్ మీద వేలు పెట్టనే వద్దు. డ్రైసూట్‌లోకి గాని బీసీడీ (తేలడానికి గాలి నింపుకునే జాకెట్) లోకి గాని గాలి పంపేటప్పుడు చిన్న చిన్నగా, ఒక్కో సెకను నొక్కండి. ఆ సమయంలో ఊపిరి లోపలికి తీయకండి. రెండు పనులూ ఒకేసారి జరిగితే ఫస్ట్ స్టేజ్ మీద భారం రెట్టింపు. లోతుకి వెళ్లేకొద్దీ ప్రతి శ్వాసకూ ఎక్కువ గాలి ఖర్చవుతుంది, అందుకే మొదటి డైవ్ 15 మీటర్లు దాటనివ్వను. చలినీళ్ల కోసం చేసిన, ఫస్ట్ స్టేజ్‌లోకి నీళ్లు చొరబడని రెగ్యులేటరే అద్దెకు అడగండి. ఒక షాపువాడు "అన్నీ ఒకటే సార్" అన్నాడు నాతో. అన్నీ ఒకటి కావు.

ఇంత చేసినా ఫ్రీ ఫ్లో వస్తే? పైకి పరుగెత్తకండి. గాలి లేకపోవడం సమస్య కాదిక్కడ, గాలి ఎక్కువ రావడం సమస్య. పెదవులు బిగించకుండా మౌత్‌పీస్‌ని కాస్త వదులుగా పట్టుకుని, మిగిలింది పక్కల నుంచి పోనిచ్చి, కావాల్సినంత పీల్చుకోండి. బడ్డీకి, అంటే మీతో జతగా దిగినవాళ్లకు, సైగ చేయండి. బడ్డీ సిలిండర్‌కే ఉన్న రెండో మౌత్‌పీస్ తీసుకోవచ్చని కోర్సులో చెప్తారు, నిజమే. కానీ ఇద్దరూ ఒకే ఫస్ట్ స్టేజ్ మీద గబగబా పీలిస్తే అదీ గడ్డకట్టే అవకాశం ఉంది. అందుకే నేను సొంతంగా చిన్న సిలిండర్, దానికి వేరే రెగ్యులేటర్ తగిలించుకుని దిగుతాను. బరువు పెరుగుతుందని నా స్నేహితులు గొణుగుతారు, గొణగనివ్వండి. మీరు వేరే గాలికి మారాక, ఆగని సిలిండర్ వాల్వుని బడ్డీ మూసేయాలి. ఆ తర్వాత నిమిషానికి తొమ్మిది మీటర్లు మించకుండా, ఊపిరి బిగపట్టకుండా పైకి. గాలి సరిపడా ఉంటేనే ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాల ఆగుడు. ఒకసారి గడ్డకట్టిన రెగ్యులేటర్ కాసేపటికి కరిగి మామూలుగా పనిచేస్తుంది, దాన్ని నమ్మి మళ్లీ కిందికి దిగకండి.

దీన్నంతా గుర్తుంచుకుంటే చాలదు. ఆ రోజు ఉదయం ఒడ్డున నిలబడి, గ్లవ్స్ వేసుకుని, ఇద్దరూ ఒకసారి చేసి చూడాలి. వాల్వు ఏ వైపు తిప్పితే మూతపడుతుందో మొద్దుబారిన వేళ్లకు తెలియాలి.

మిగతాది మామూలే. ఇద్దరిద్దరుగా దిగండి. సిలిండర్ వెచ్చటి గదిలో 200 చూపించి నీళ్లలో 190 చూపిస్తే కంగారు వద్దు, చలికి ఒత్తిడి తగ్గింది, గాలి ఎక్కడికీ పోలేదు. మూడో వంతు ఖర్చవగానే వెనక్కి తిరగండి. ఎవరికి ముందు చలేస్తే వాళ్ల మాటే చెల్లుతుంది, ఎగతాళి చేసేవాళ్లను నేను మళ్లీ పిలవను. ఫ్లాస్కులో మిరియాల చారు తీసుకెళ్లండి. కాఫీ అనేవాళ్లు ఒకసారి చారు తాగి చూసి మాట్లాడాలి. బీర్లు రాత్రికి.

రెండో డైవ్ ఉంటే మధ్యలో రెగ్యులేటర్‌ని బల్ల మీద గాలికి వదిలేయకండి. తుడిచి, కారులో హీటర్ దగ్గర పెట్టండి. నా బండిలో ముందు సీటు దానిది. మనుషులు వెనక సర్దుకుంటారు.