ప్రమేయ సమూహాల గుర్తింపు: ఏ పరీక్ష ముందు, ఏది తర్వాత

తిరుపతి, చిత్తూరు డిగ్రీ కళాశాలల్లో కర్బన రసాయన ప్రాక్టికల్స్‌కు వచ్చే విద్యార్థికి పరీక్షలన్నీ కంఠస్థంగానే ఉంటాయి. తెలియని పదార్థం చేతికి ఇచ్చినప్పుడు వాటిలో దేనితో మొదలుపెట్టాలన్న దగ్గరే తడబాటు. ఒకే కారకం (పరీక్షకు వాడే రసాయనం) రెండు మూడు రకాల ప్రమేయ సమూహాలతో, అంటే అణువు గుణాన్ని నిర్ణయించే పరమాణువుల గుంపులతో, చర్య జరుపుతుంది గనుక, ముందు చేసిన పరీక్షను బట్టే తర్వాతి పరీక్షకు అర్థం ఏర్పడుతుంది.

కుళాయి నీటిలో క్లోరైడ్లు ఉంటాయి. అవి సిల్వర్ నైట్రేట్‌తో తెల్లని మడ్డి ఇస్తాయి కాబట్టి, పరీక్షనాళికలను చివరిసారి కడగడానికి కూడా స్వేదనజలమే వాడాలి. ప్రతి పరీక్షకూ పక్కన రెండు నాళికలు పెట్టుకోవాలి: ఒకదానిలో కారకం మాత్రమే, రెండవదానిలో ఆ సమూహం ఉన్నదని తెలిసిన పదార్థం. ఈ పోలిక లేని రంగును నేను ఫలితంగా లెక్కించను.

మొదట లాసైన్ పరీక్షతో (పదార్థాన్ని సోడియంతో కరిగించి మూలకాలను గుర్తించేది) నైట్రోజన్ ఉన్నదో లేదో తేల్చుకోవాలి. లేకపోతే నైట్రోజన్ ఉండే క్షార పదార్థాలైన ఎమీన్ల జోలికి పోనక్కరలేదు. తర్వాత ద్రావణీయత చూడాలి. నీటిలో కరగని పదార్థం విలీన సోడియం హైడ్రాక్సైడ్‌లో కరిగితే అది ఆమ్లమో ఫినాలో అయ్యే అవకాశం ఎక్కువ. విలీన హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగితే ఎమీన్‌ను అనుమానించాలి. ఆమ్లాన్నీ ఫినాల్‌నూ వేరుచేసేది సోడియం బైకార్బనేట్: కార్బాక్సిలిక్ ఆమ్లం వేయగానే బుసబుస పొంగుతుంది, సాధారణ ఫినాల్ పొంగదు. పిక్రిక్ ఆమ్లం వంటి నైట్రోఫినాళ్లు మాత్రం ఇందుకు మినహాయింపు.

ఫినాల్‌ను నిర్ధారించే ఫెర్రిక్ క్లోరైడ్ తటస్థంగా ఉండాలి. సీసాలోని ద్రావణంలో ఆమ్లం ఉంటుంది కాబట్టి, కొద్దిగా అవక్షేపం కరగకుండా నిలిచేదాకా విలీన అమ్మోనియం హైడ్రాక్సైడ్‌ను చుక్కలుగా కలిపి, వడపోసి, ఆ వడపోత ద్రవాన్నే వాడాలి. సాలిసిలిక్ ఆమ్లం బైకార్బనేట్‌తో పొంగుతుంది, ఇక్కడ ఊదారంగూ ఇస్తుంది. రెండు సమూహాలూ ఉన్న పదార్థానికి అది మంచి నమూనా.

అసంతృప్తతకు (కార్బన్ల మధ్య ద్విబంధం లేదా త్రిబంధం) బ్రోమిన్ జలం, బేయర్ కారకం (క్షార పర్మాంగనేట్ ద్రావణం) రెండూ చూడాలి. అయితే ఫినాల్, ఎనిలీన్ కూడా బ్రోమిన్ జలాన్ని వివర్ణం చేసి తెల్లని అవక్షేపం ఇస్తాయి. ఆల్డిహైడ్లు పర్మాంగనేట్‌ను క్షయకరణం చేస్తాయి.

ఆల్డిహైడ్లలోనూ కీటోన్లలోనూ ఉండే కార్బొనిల్ సమూహం (C=O) దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. 2,4-డైనైట్రోఫినైల్ హైడ్రజీన్ పసుపు, నారింజ లేదా ఎరుపు అవక్షేపం ఇస్తేనే ఆల్డిహైడా, కీటోనా అన్న ప్రశ్న వస్తుంది. టోలెన్స్ కారకాన్ని అప్పటికప్పుడు తయారుచేయాలి: సిల్వర్ నైట్రేట్‌లో ఒక చుక్క సోడియం హైడ్రాక్సైడ్ వేయగా వచ్చిన గోధుమరంగు అవక్షేపం సరిగ్గా కరిగేవరకే అమ్మోనియాను చుక్కలుగా కలపాలి. పదార్థం ఆల్డిహైడ్ అయితే, నాళికను మంటపై కాక వేడినీటిలో ఉంచినప్పుడు వెండి అద్దం ఏర్పడుతుంది. మిగిలిన కారకాన్ని ఎన్నడూ దాచకూడదు, నిల్వలో పేలే పదార్థం ఏర్పడవచ్చు. వెంటనే విలీన నైట్రిక్ ఆమ్లం కలిపి వ్యర్థాల పాత్రలో పోయాలి. ఫేలింగ్ ద్రావణంతో (క్షార కాపర్ ద్రావణం) గ్లూకోజ్ ఎర్రని అవక్షేపం ఇస్తుంది, బెంజాల్డిహైడ్ ఇవ్వదు. చిత్తూరు బెల్లంలో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఉంటాయి కనుక బెల్లపు నీరు కూడా ఈ పరీక్షకు లొంగుతుంది. శుద్ధమైన పంచదారను విలీన ఆమ్లంతో మరిగించి తటస్థీకరించాక గానీ లొంగదు.

బెంజాల్డిహైడ్ పాత సీసాను నమ్మవద్దు. గాలి తగిలి అది కొంత బెంజోయిక్ ఆమ్లంగా మారుతుంది, బైకార్బనేట్‌తో బుడగలు కూడా వస్తాయి.

ఇక్కడి ఎండ కూడా ఫలితాల్లో జోక్యం చేసుకుంటుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో, సుమారు 20 డిగ్రీలకే మరిగే ఎసిటాల్డిహైడ్ సీసాను మంచులో చల్లబరచకుండా మూత తీయకూడదు. ఆల్కహాల్ రకాన్ని తేల్చే ల్యూకాస్ పరీక్షలో (జింక్ క్లోరైడ్ కలిపిన గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం) తృతీయ ఆల్కహాల్ వెంటనే, ద్వితీయ ఆల్కహాల్ సుమారు 5 నిమిషాల్లో మబ్బుగా మారుతాయన్నది మామూలు గది ఉష్ణోగ్రతకు చెప్పిన మాట. వేడి గదిలో ద్వితీయం మరింత త్వరపడుతుంది కాబట్టి గడియారంకన్నా తెలిసిన ఆల్కహాల్‌తో పోలికే నమ్మదగినది. సెరిక్ అమ్మోనియం నైట్రేట్ కలిపినప్పుడు వచ్చే ఎరుపును ఆల్కహాల్‌కు ఆపాదించాలంటే, ఫినాల్ లేదని ముందే తేలి ఉండాలి.

ప్రాథమిక ఆరోమాటిక్ ఎమీన్‌కు డయజోటీకరణ (డయజోనియం లవణంగా మార్చడం) చేసేటప్పుడు ద్రావణాలన్నీ 0 నుంచి 5 డిగ్రీల మధ్య ఉండాలి. ఎమీన్ ఆమ్ల ద్రావణంలో చల్లని సోడియం నైట్రైట్‌ను నెమ్మదిగా కలిపి, క్షార బీటా-నాఫ్తాల్‌లో పోస్తే ఎర్రని రంజనం వస్తుంది. వేసవి మధ్యాహ్నం ఈ పరీక్ష విఫలమైతే రసాయనాలను అనుమానించే ముందు థర్మామీటర్ చూడాలి. ప్రాథమిక ఎమీన్‌ను దుర్గంధంతో గుర్తించే కార్బైలమీన్ పరీక్షను నేను సిఫారసు చేయను. దుర్గంధం ఒక్కటే కాదు, ఆ ఆవిరి విషపూరితం.

సమూహం తేలిన తర్వాత పదార్థమేదో చెప్పడానికి ద్రవీభవన స్థానం కావాలి: బైకార్బనేట్‌తో ఒకేలా పొంగే బెంజోయిక్, సాలిసిలిక్ ఆమ్లాలలో మొదటిది సుమారు 122 డిగ్రీల వద్ద, రెండవది సుమారు 159 డిగ్రీల వద్ద కరుగుతాయి.