హిప్‌హాప్ వినడం నేర్చుకుందాం – 4: ‘ఒకటి’ ఎక్కడ పడుతుంది?

గత పాఠంలో ‘ఎక్స్‌కర్షన్స్’ పాట ఇచ్చి బార్లు (నాలుగేసి దెబ్బల ఆవర్తాలు) లెక్కపెట్టమన్నాను. వచ్చిన జవాబులు దాదాపు అన్నీ ఒకే చోట తప్పాయి. అందుకే ప్రాసల పాఠాన్ని వాయిదా వేసి, ఆ పాట ఉన్న ఆల్బమ్, హిప్‌హాప్ బృందం ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ 1991 సెప్టెంబరులో విడుదల చేసిన ‘ది లో ఎండ్ థియరీ’నే మళ్లీ ముందు పెట్టుకుందాం.

ఆ పాటకు మొదట్లో డ్రమ్ ఉండదు. ఆర్ట్ బ్లేకీ జాజ్ బృందం రికార్డు నుంచి తీసిన బాస్ ముక్క ఒక్కటే తిరుగుతూ ఉంటుంది. దాని మీదే బృందంలోని ర్యాపర్ క్యూ-టిప్ మాట అందుకుంటాడు. డ్రమ్ ఆ తరువాత దిగుతుంది. మీరు అతని మొదటి మాటనే ‘ఒకటి’, అంటే బార్‌లో మొదటి దెబ్బ, అనుకున్నారు. మాట ఎత్తుకునే చోటే తాళం మొదలవ్వాలని లేదు. కర్ణాటక సంగీతం నేర్చినవారికి అతీత, అనాగత ఎడుపులు (తాళానికి ముందో వెనకో పాట ఎత్తుకోవడం) తెలుసు కాబట్టి వారికి ఇంతకంటే చెప్పనక్కరలేదు.

నేనైతే పాటను మధ్యలోంచి పట్టుకుంటాను. డ్రమ్ దిగిన చోటికి వెళ్లి, పొడిగా చిట్లినట్టు వినిపించే స్నేర్ దెబ్బను వెతకండి. అది బార్‌లోని 2, 4 దెబ్బల మీద పడుతుంది. భజనలో మొదటి దెబ్బకే చప్పట్లు చరిచే అలవాటు వల్ల చెవికి గట్టిగా తగిలినదాన్నే ‘ఒకటి’ అనుకుంటాం. అక్కడే బార్ మొత్తం ఒక దెబ్బ పక్కకు జరిగిపోతుంది. స్నేర్ కుదిరాక పాట మొదటికి వెళ్లండి, బాస్ ముక్క ఎక్కడ మొదలవుతుందో దానంతటదే తెలుస్తుంది.

ఇక నన్ను నిజంగా బాధపెట్టిన విషయం. “బాస్ పెద్దగా లేదు” అని కొందరు రాశారు. పేరులోనే ‘లో ఎండ్’ అని అడుగు స్వరాలను పెట్టుకున్న ఆల్బమ్ ఇది! ఫోను స్పీకరులో విన్నారని అర్థమైంది. డబుల్ బాస్‌లో అన్నిటికంటే కింది తీగ సుమారు 41 హెర్ట్జ్ వద్ద మోగుతుంది. అరచేతిలో పట్టే ఫోనులోని చిన్న స్పీకరు అంత కిందికి దిగలేదు. మీరు విన్నది ఆ స్వరం పైన పుట్టే అనుస్వరాలను మాత్రమే. వాటిని బట్టి అసలు స్వరాన్ని మెదడు ఊహించుకుంటుంది కాబట్టి రాగం అందినట్టే ఉంటుంది, బరువు మాత్రం అందదు. బాస్ పెంచే మీట నొక్కడం ఇంకా తప్పు. అప్పుడు కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), బాస్ కలిసిపోయి ఒకే హోరు అవుతుంది. ఇంజనీరు బాబ్ పవర్ ఆ రెండింటినీ దేనికది వినపడేలా నిలబెట్టిన పనితనమంతా అందులో కొట్టుకుపోతుంది. మామూలు తీగ ఇయర్‌ఫోన్లు చాలు, ఖరీదైనవి అక్కరలేదు. అవి చెవిలో బిగుతుగా కూర్చోవాలి. వదులుగా ఉంటే ముందు కారిపోయేది బాసే.

సరిగా వింటున్నారో లేదో ‘వర్సెస్ ఫ్రమ్ ది ఆబ్‌స్ట్రాక్ట్’తో పరీక్షించుకోండి. అందులో బాస్ వాయించినది రాన్ కార్టర్, 1960లలో జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ బృందంలో ఉన్న విద్వాంసుడు. ‘ఎక్స్‌కర్షన్స్’ బాస్ ముక్క ప్రతిసారీ అచ్చంగా అలాగే తిరిగి వస్తుంది. కార్టర్ వేళ్లు అలా తిరిగి రావు, చిన్న చిన్న జారులు, అదనపు స్వరాలు పడుతుంటాయి. ఈ తేడా వినిపిస్తే మీ చెవి తయారైనట్టే.

‘బగ్గిన్ ఔట్’లో మొదట అందుకునేది బృందంలోని మరో ర్యాపర్ ఫైఫ్. 1990 నాటి తొలి ఆల్బమ్‌లో అతని గొంతు కొద్దిగానే వినిపిస్తుంది. ఇక్కడ టిప్‌కు సరిజోడుగా నిలబడ్డాడు. టిప్ గొంతు మృదువు, ఇతనిది పదును. నాకు ఇతనే ఎక్కువ ఇష్టం. 2016లో పోయాడు.

అభ్యాసం: పద్నాలుగు పాటలూ, దాదాపు 48 నిమిషాలు, వరుసగా వినండి. సాహిత్యం కాగితం ముందు పెట్టుకోవద్దు. ప్రతి పాట ముగియగానే ఆపి, దాని బాస్‌ను గొంతుతో కూనిరాగం తీస్తూ 2, 4 మీద చప్పట్లు వేయండి. నాలుగు బార్లు తప్పకుండా నిలిస్తేనే తరువాతి పాటకు వెళ్లండి. చివరిదైన ‘సినారియో’కు చప్పట్లు వద్దు, విని ఊరుకోండి. అందులో ర్యాపర్ బస్టా రైమ్స్ వంతు వచ్చే పాఠంలో చూద్దాం.