రాత్రి దృశ్యం, 4వ పాఠం: నెగడు చుట్టూ బాటసారులు

పోయిన పాఠంలో హైదరాబాద్ ఖాజాగూడ గుండ్లను వెన్నెల్లో వేశాం కదా, ఆ షీటే తీయండి. ఈసారి వాటి కింద, మేత వెతుక్కుంటూ మందతో వచ్చి రాత్రికి ఆగిన గొర్రెల కాపరులు, వాళ్ల నెగడు.

నెగడు అనగానే చెయ్యి పసుపు ట్యూబ్ మీదికి పోతుంది. ఆగండి. ముందు చీకటి. అల్ట్రామెరీన్ అనే ముదురు నీలంలో బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగు కలిపి, నీళ్లలా పల్చగా, మంట వచ్చే చోటు వదిలేసి షీటంతా రెండు పూతలు వేయండి. నల్ల ట్యూబ్ మాత్రం వద్దు, అది వేస్తే రాత్రికి లోతు పోయి గోడలా కనిపిస్తుంది.

డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1647లో ఈజిప్టుకు పారిపోతున్న మేరీ, జోసెఫ్‌ల రాత్రి మజిలీ వేశాడు, ఇప్పుడది డబ్లిన్‌లో ఉంది. చెక్క పలక వెడల్పు 48 సెంటీమీటర్లే, అందులో కూడా చాలా భాగం చీకటి, మనుషులు వేలెడంత లేరు, అయినా కన్ను తిన్నగా ఆ మంట దగ్గరికే పోతుంది, ఎందుకంటే చుట్టూ దానితో పోటీపడే వెలుగు లేదు. కింద నీళ్లలో దాని నీడ కొంచెం మసకగా పడుతుంది. నాకు ఆ నీడంటేనే ప్రాణం.

ఇక మనుషులు. మంటకు దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతే అందుతుంది. అందుకని దగ్గర కూర్చున్నవాడికి ముఖం, అరచేతులు వేయండి, వెనక నిలబడ్డవాడికి తలపాగా అంచు, కర్ర మీద ఒక గీత చాలు. నల్ల గొంగడి వెలుగును మింగేస్తుంది, దాన్ని వదిలేయండి. వెలుగు కింది నుంచి వస్తుంది కాబట్టి గడ్డం, ముక్కు కింద, కనుబొమల కింద మెరుస్తాయి, నుదురు చీకట్లోకి పోతుంది. నీడలన్నీ మంట నుంచి బయటికి, బండి చక్రం ఆకుల్లా పరుచుకోవాలి. అందరి ముఖాలూ ఒకేలా వెలిగిస్తే అది ట్యూబ్‌లైట్ కింద మీటింగ్ అవుతుంది.

ఒకరిని మనకు వీపు పెట్టి, మంట సగం దాగేలా కూర్చోబెట్టండి. ఒళ్లంతా చీకటి, భుజం మీద సన్నటి నారింజ అంచు. అప్పుడు చివరగా పసుపు తీయండి: మొదట్లో లేత పసుపు, పైన నారింజ, కొసల్లో ఎరుపు, మూడు నాలుగు కుంచె దెబ్బలు, అంతే.

ఫోన్ ఫొటో చూసి వేయొద్దు, అది రాత్రిని పగలు చేస్తుంది. డిసెంబర్‌లో మన గల్లీ చివర వాచ్‌మన్లు చలిమంట వేసుకుంటారు, ఐదు నిమిషాలు దూరంగా నిలబడి ఎవరి ముఖం ఎంతవరకు కనిపిస్తోందో చూడండి. వచ్చే పాఠంలో పొగ.