నాలుగో పాఠం: విరమణ

పునర్బలనం, అంటే ఒక పని వెనువెంట దక్కి ఆ పనిని మళ్లీ చేయించే ఫలితం, ఒక ప్రవర్తనను ఎలా నిలబెడుతుందో గత పాఠంలో చూశాం. ఆ పునర్బలనం ఆగిపోతే ప్రవర్తన క్రమంగా సన్నగిల్లడాన్ని విరమణ అంటారు. ఈ పద్ధతిని వివరించడానికి ఒక్క వాక్యం సరిపోతుంది, కానీ ఆచరించడానికి ఇల్లంతా ఒక మాట మీద ఉండాలి.

1959లో అమెరికాలో మనస్తత్వవేత్త కార్ల్ విలియమ్స్ ప్రచురించిన నివేదికను ఇందుకు ఉదాహరణగా తీసుకుందాం. పుట్టిన తరవాత ఏడాదిన్నర పాటు తీవ్రమైన అనారోగ్యంతో బాధపడి కోలుకున్న 21 నెలల బాబు, తాను నిద్రపోయేదాకా పెద్దవాళ్లు గదిలోనే ఉండాలని గుక్కపట్టి ఏడ్చేవాడు. పక్కన కూర్చున్నవారు చదువుకోవడానికి పుస్తకం తీసినా, దాన్ని పక్కన పెట్టేదాకా ఏడుపు మానేవాడు కాదు. ఆరోగ్యపరంగా భయం లేదని వైద్యుల ద్వారా తెలుసుకున్నాకే తల్లిదండ్రులు అతణ్ణి నింపాదిగా పడుకోబెట్టి, తలుపు మూసి, మళ్లీ లోపలికి వెళ్లడం మానేశారు. మొదటిసారి 45 నిమిషాలు ఏడ్చాడు. పదోసారికి, వాళ్లు గదిలోంచి వెళ్తుంటే నవ్వాడు.

అసలు పాఠం ఆ తరవాత జరిగినదానిలో ఉంది. సుమారు వారం గడిచాక, పడుకోబెట్టడానికి వెళ్లిన బంధువు ఒకావిడ, బాబు ఏడవగానే వెనక్కి వచ్చి నిద్రపోయేదాకా కూర్చుంది. ఆ ఒక్కరాత్రితో ఏడుపు మళ్లీ మొదలైంది, విరమణను మొదటినుంచి జరపవలసి వచ్చింది. ఆవిడను నేను తప్పుపట్టను. పసివాడి ఏడుపు విని కదలకుండా ఉండటం ఎవరికైనా కష్టమే. రెండో ప్రయత్నం తరవాతి రెండేళ్లలో ఆ మారాం మళ్లీ కనబడలేదు.

అన్నం తినేటప్పుడు ఫోను కోసం ఏడ్చే పిల్లల విషయంలోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది. అమ్మ వద్దన్నాక అమ్మమ్మ అప్పుడప్పుడూ ఇస్తూ ఉంటే, ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతుందని నేర్చుకున్న ఏడుపు, ప్రతిసారీ ఫోను దక్కిన ఏడుపుకన్నా మొండిగా నిలుస్తుంది. పైగా ఇవ్వడం మానేసిన తొలిరోజుల్లో ఏడుపు తగ్గకపోగా పెరగవచ్చు. సరిగ్గా ఆ హెచ్చుస్థాయిలో లొంగిపోతే, ఇంకా గట్టిగా ఏడవాలని మనమే నేర్పినవాళ్లమవుతాం. పూర్తిగా ఆగిపోయిందనుకున్నది కొంత విరామం తరవాత తిరిగి కనబడటాన్ని అయత్నసిద్ధ స్వాస్థ్యం అంటారు. రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ తన ప్రయోగాల్లోని కుక్కల్లో దీన్ని గమనించాడు. అది వైఫల్యం కాదు, అప్పుడూ ఫలితం దక్కనివ్వకపోతే మునుపటికన్నా త్వరగా తగ్గుతుంది.

ఈ వారం అభ్యాసం: ఆకలి, నొప్పి, భయం వల్ల కానిదని మీరు నిర్ధారించుకున్న ఒకే ఒక్క మారాన్ని ఎంచుకోండి. దానికి ఏ ఫలితం, ఎవరి చేతినుంచి అందుతోందో ఏడు రోజులు పుస్తకంలో రాయండి. ఇప్పుడే ఏదీ ఆపవద్దు. దాని స్థానంలో పిల్లలకు ఏమి ఇవ్వాలో వచ్చే పాఠంలో నిర్ణయిద్దాం.